మా బుజ్జి గెలాక్సీ గుండ్రంగా లేదు

రిటైరై రెండేళ్ళయింది. ఏలూరులో మా ఇంటికి రైలు కూత వినపడుతుంది. పొద్దుటి ప్యాసింజరు వేళకి ఇప్పటికీ చెయ్యి దానంతటదే కళ్ళజోడు కోసం తడుముతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ బండి ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. జీతం ఇచ్చింది ఆ పాఠాలే గానీ, నా బుర్రంతా తినేసింది మాత్రం మరుగుజ్జు గెలాక్సీలు.

మరుగుజ్జు గెలాక్సీ అంటే చిన్న గెలాక్సీ. మన పాలపుంతలో ఉన్నన్ని నక్షత్రాలు అందులో ఉండవు. ఏ నూరో వంతో, ఇంకా తక్కువో ఉంటాయి. ఏ వయసు నక్షత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఆ గెలాక్సీ అసలు ఆకారం ఏమిటో చెప్పడం మా పని. చెప్పడానికి ఇది ఒక్క వాక్యం. చెయ్యడానికి నాకు ఒక ఉద్యోగ జీవితం పట్టింది, మధ్యలో ఒక పెద్ద తప్పుతో సహా.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను ఏదైనా రాసిపెట్టమన్నారు. ప్రమోషన్లు, కమిటీలు, ఇన్‌స్పెక్షన్ల గోల రాయను. అది ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. నన్ను మార్చిన సంగతులు మూడో నాలుగో ఉన్నాయి. వాటిలో ఒకటి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ముఖ్యమైనది అదే కనుక దానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉంగుటూరు ఆసామీ చెప్పిన పాఠం

పరిశోధన అంతా నేను చేసింది సగం ఇంట్లో, సగం రైల్లో. మా కాలేజీలో టెలిస్కోపు అంటే బీరువాలో ఉండే చిన్నదొకటే. పెద్ద టెలిస్కోపులు తీసిన ఆకాశం ఫోటోలను, నక్షత్రాల జాబితాలను ఇంటర్నెట్‌లో అందరికీ పెడతారు. మేము వాటిని దింపుకుని పనిచేస్తాం. ప్రింటు తీసిన పటాలు మడతపెట్టి సంచిలో వేసుకుని, సీటు దొరికితే ఒళ్ళో పరుచుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం తాడేపల్లిగూడెంలో ఎక్కిన ఒక రైతు నా పక్కన కూర్చున్నాడు. ఉంగుటూరులో దిగే మనిషి, సత్యనారాయణ గారని పేరు. కాసేపు పటం వంక చూసి ఉండబట్టలేక అడిగాడు.

"ఏవండీ మాస్టారూ, ఆ చుక్కలేంటండీ?"

"నక్షత్రాలండీ. ఒక చిన్న గెలాక్సీలోవి. నీలం చుక్కలు కుర్ర నక్షత్రాలు. ఎర్ర చుక్కలు ముసలివి."

"నీలంవన్నీ ఒక గీతలాగా పోగుపడి ఉన్నాయండీ. ఎర్రవేమో చుట్టూరా పరుచుకుని ఉన్నాయి. రెండూ ఒక్క దాంట్లోవేనాండీ?"

"ఒక్క దాంట్లోవేనండీ. అదే మా తలనొప్పి. నీలంవి చూస్తే పొడుగ్గా ఉన్నట్టుంటది, ఎర్రవి చూస్తే గుండ్రంగా ఉన్నట్టుంటది."

ఆయన నవ్వాడు. "అయితే అది మా ఊరేనండీ. హైవే మీద బస్సులో పోయేవాళ్ళని అడగండి, ఉంగుటూరు పొడుగ్గా ఉంటదంటారు. కొత్త షాపులు, కొత్త ఇళ్ళు అన్నీ రోడ్డు పొడుగునే లేచాయి కదండీ. లోపలికి వచ్చి పాత ఇళ్ళు చూడండి, అప్పుడు తెలుస్తది ఊరెలా ఉందో."

క్లాసులో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు. నక్షత్రాలు పుట్టేది వాయువు ఉన్న చోట. కుర్ర నక్షత్రాలు ఇంకా పుట్టిన చోటు విడిచి దూరం పోలేదు కనుక, అవి చూపించేది ఈమధ్య వాయువు ఎక్కడ ఉందన్నది మాత్రమే. ముసలి నక్షత్రాలు ఆ గెలాక్సీలో ఎన్నోసార్లు చుట్టి వచ్చి అంతటా సర్దుకున్నాయి. గెలాక్సీ బరువు వాటిని ఎలా పట్టి ఉంచిందో అలా ఉంటాయి. అందుకే అసలు ఆకారం ముసలివాళ్ళ దగ్గరే దొరుకుతుంది. చిక్కల్లా ఏమిటంటే, కుర్రవి కొన్నే అయినా ధగధగా మెరుస్తాయి, ముసలివి చాలా ఉన్నా మసక. పాత రోజుల ఫోటోల్లో మెరిసేవి మాత్రమే పడ్డాయి. వాటిని చూసి చాలా చిన్న గెలాక్సీలకు వంకర టింకరవని పేరు పెట్టేశారు. పాపం, వాటి వంకర అంతా పైపైనే.

నక్షత్రం వయసు ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. రంగు, వెలుగు, ఈ రెండే ఆధారం. నీలంగా, బాగా వెలిగే నక్షత్రం తన ఇంధనాన్ని తొందరగా ఖర్చుపెట్టేస్తుంది. అది ఇంకా కనపడుతోందంటేనే కుర్రదని అర్థం. ముసలివాటిలో కొన్ని ఉబ్బి ఎర్రబడతాయి. ఇంకొన్ని ఒక రోజులోపే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అలాంటివి బాగా ముసలివాటిలోనే ఉంటాయి కనుక, అవి కనపడితే నాకు పండగే.

పెద్దాయన

నాకు ఈ పని నేర్పిన మనిషి శేషాద్రి గారు. దక్షిణాదిన ఒక పరిశోధన సంస్థలో పెద్ద శాస్త్రవేత్త. కాలేజీ మాస్టార్లను సెలవుల్లో పిలిచి పని నేర్పే ఏర్పాటు అక్కడ ఉండేది. అలా వేసవి సెలవుల్లో ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ముక్కు మీద కోపం. టీ అంటే ప్రాణం. ఎవరి పటమైనా ముందుకు పెడితే, మొట్టమొదట దాన్ని తలకిందులు చేసి చూసేవాడు. "నీకు కావలసిన ఆకారం నిటారుగా ఉన్నప్పుడే కనపడుతోందా, తలకిందులైనా కనపడుతోందా చూద్దాం" అనేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న పెద్ద సంగతి దొంగ నక్షత్రాల పద్ధతి. ఫోటోలో నక్షత్రాలు లెక్కపెడితే, కనపడినవే లెక్కకు వస్తాయి. కనపడనివి ఎన్నో ఎలా తెలియాలి? అందుకని మన చేత్తో కొన్ని వేల దొంగ నక్షత్రాలను, ఎంత వెలుగో ముందే తెలిసినవాటిని, ఆ ఫోటోలో నాటుతాం. తర్వాత ఏమీ తెలియనట్టు వెతుకుతాం. పది నాటితే ఆరే దొరికాయనుకోండి, ఆ చోట ఆ వెలుగున్న అసలు నక్షత్రాలు కూడా పదింట ఆరే దొరుకుతున్నాయని లెక్క. గెలాక్సీ మధ్యలో రద్దీ ఎక్కువ, మసకవి దొరకవు. అంచులో దొరుకుతాయి. ఇది సరిచెయ్యకపోతే మధ్యలో ముసలివాళ్ళు లేరనుకుంటాం.

ఇది నాకు మొదట్లో అర్థం కాలేదు. కలిదిండిలో చేపల చెరువులు చేసే మా బావమరిది దగ్గరికి వెళ్ళినప్పుడు అర్థమైంది. చేప ఎంత పెరిగిందో చూడటానికి వాళ్ళు విసురు వల వేసి పైకి లాగుతారు. మేత వేసే చోట వేస్తే బలిసినవే పడతాయి, చిన్నవి వల కన్నుల్లోంచి జారిపోతాయి. "ఈ వలలో పడింది చూసి చెరువంతా ఇలాగే ఉందనుకుంటే మునిగిపోతాం బావగారూ" అన్నాడు వాడు. ఆ మాట శేషాద్రి గారికి ఫోన్లో చెప్తే, ఆయన చాలాసేపు నవ్వి, "మీ బావమరిదిని నా దగ్గరికి పంపు, నువ్వు చెరువులు చూసుకో" అన్నాడు.

ఒకసారి ఆయనే ఏలూరు వచ్చాడు. కొల్లేరు చూపించమంటే పడవ మాట్లాడాను. గూడకొంగలను చూస్తూ కూర్చున్నవాడు ఉన్నట్టుండి, "ఈ సరస్సు అంచు ఎక్కడుందో అడుగు" అన్నాడు. ఆయనకు తెలుగు రాదు. పడవ నడిపే ఆయన్ని నేను అడిగాను.

"ఏ నెలలో అండీ?" అన్నాడు పడవాయన.

అది ఇంగ్లీషులో చెప్పగానే శేషాద్రి గారు పడవలో లేచి నిలబడబోయాడు. పడవాయన గదమాయించి కూర్చోబెట్టాడు. గెలాక్సీకి కూడా అంచు అని ఒకటి లేదు. కుర్ర నక్షత్రాలను అడిగితే ఒక అంచు, ముసలివాటిని అడిగితే ఇంకో అంచు. ఎవరి అంచు చెప్తున్నావో చెప్పకుండా కొలత చెప్పకూడదు. ఆ పడవాయన జవాబును పెద్దాయన పోయేదాకా ప్రతి ఉపన్యాసంలోనూ వాడుకున్నాడు. మహానుభావుడు, ప్రతిసారీ కొల్లేరు పేరు కూడా చెప్పేవాడు.

పావు భాగం

ఇప్పుడు నా తప్పు సంగతి.

నేను ఎక్కువ కాలం పనిచేసింది ఒక్క గెలాక్సీ మీద. దానికి కేటలాగులో ఒక నంబరు ఉంది, ఎవరికీ నోరు తిరగదు. మా ఇంట్లో అందరం దాన్ని బుజ్జిది అనేవాళ్ళం. "బుజ్జిదాని పని అయిందా, అన్నానికి వస్తారా?" అని మా ఆవిడ అడిగేది.

ఆ బుజ్జిదాని ఫోటోలో ఒక మూల పెద్ద నక్షత్రం ఒకటి అడ్డం ఉంది. అది బుజ్జిదానిది కూడా కాదు, మన పాలపుంతది, మనకి దగ్గర్లో ఉన్నది. దాని వెలుగు చిమ్మి ఫోటోలో దాదాపు పావు భాగం పాడైపోయింది. అక్కడ మసక నక్షత్రాలు ఒక్కటీ దొరకవు. మిగిలిన మూడు పావులతో పని చేసుకోవాలి.

పటం మీద గీతలు గీసే ప్రోగ్రాము ఒకటి నేనే రాసుకున్నాను. దానికి ఖాళీ చోటు ఉంటే మొరాయించేది. కాన్ఫరెన్సు దగ్గర పడుతోంది. అప్పుడు మా రంగంలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. పాడైన పావు భాగానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పావులోని నక్షత్రాలను తీసుకుని, అటు తిప్పి ఇక్కడ నింపాను. బొమ్మ కోసం మాత్రమే. బొమ్మ చక్కగా వచ్చింది, కాన్ఫరెన్సులో అందరూ బాగుందన్నారు.

ఆ నింపిన జాబితాను విడిగా దాచాలి. దాచలేదు. అసలు జాబితా ఉన్న చోటే, అదే పేరుతో ఉండిపోయింది. ఏడాది తర్వాత బుజ్జిదాని ఆకారం కొలుద్దామని కూర్చున్నప్పుడు నేను తెరిచింది ఆ జాబితానే. కొలిస్తే ముసలి నక్షత్రాలు అన్ని వైపులా సమానంగా, ముచ్చటగా ఉన్నాయి. ఉండవూ మరి, నేనే కదా సమానం చేసింది! కుర్ర నక్షత్రాలు వంకరగా ఉన్నా ముసలివి గుండ్రంగా ఉన్నాయి కనుక, ఈ గెలాక్సీని ఎవరూ లాగలేదు, ఇది తన మానాన తను ప్రశాంతంగా బతుకుతోందని పేపరు రాశాను. నా పేపర్లలో ఎక్కువమంది చదివింది అదే. శేషాద్రి గారు కూడా మెచ్చుకున్నాడు. ఆయన పోయిన తర్వాత ఆ పేపరును చూసుకుని, గురువుగారి పేరు నిలబెట్టానని మురిసిపోయేవాణ్ణి.

దొంగతనంగా చేసింది కాదు, మరిచిపోయి చేసింది. కానీ మరుపు అనే మాటను నేను ఇప్పుడు అంత తేలిగ్గా వాడను. తాత్కాలికంగా చేసిన పని మీద ఆ రోజే పెద్ద అక్షరాలతో పేరు మార్చి పెట్టకపోతే, అది మరుపు అనిపించుకోదు, బద్ధకం అనిపించుకుంటుంది.

నజీమా

నజీమా మా కాలేజీలోనే ఎమ్మెస్సీ చేసి నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. ఏలూరు తంగెళ్ళమూడిలో ఇల్లు. వాళ్ళ నాన్న మస్తాన్ గారు తివాచీలు నేస్తారు. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ మగ్గం పక్కన కూర్చుని చదువుకుంది. మెత్తగా మాట్లాడుతుంది, పని మాత్రం మొండిగా చేస్తుంది. నా దగ్గర చేరిన ఆరుగురిలో, నేను చెప్పకుండానే పటాన్ని తలకిందులు చేసి చూసింది ఆ ఒక్క పిల్లే.

ఆమె సిద్ధాంత గ్రంథం కూడా బుజ్జిదాని మీదే. కుర్ర నక్షత్రాలు, నడివయసువి, ముసలివి విడివిడిగా తీసి, మూడింటి ఆకారాలూ పోల్చాలి. కుర్రవాటికి కొత్త ఫోటోలు వచ్చాయి. ముసలివాటికి నా పాత జాబితా ఇచ్చి, "ఇది కళ్ళు మూసుకుని వాడుకోవచ్చమ్మా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. ఈలోగా ఆమె గ్రంథం ఇవ్వకపోతే గైడు మారాలి. బుజ్జిదాని మీద పనిచేసే గైడు ఈ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. అంటే ఆమె మళ్ళీ వేరే అంశంతో మొదలుపెట్టాలి, లేదా మానుకోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేను అన్నం డబ్బా మూత తీస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో పటం చుట్ట.

"సార్, ఒక మాట అడగొచ్చాండీ?"

"అడుగమ్మా."

పటం బల్ల మీద పరిచింది. రెండు పావుల్లో పెన్సిల్‌తో కొన్ని చుక్కల చుట్టూ సున్నాలు చుట్టి, నంబర్లు వేసి ఉంది.

"ఈ పావులో ఉన్న ప్రతి నక్షత్రానికీ అటు ఎదురుగా ఇంకోటి ఉందండీ. రంగు అదే, వెలుగు అదే, నడిమధ్యనుంచి దూరం కూడా అదేనండీ."

"గెలాక్సీ గుండ్రంగా ఉంటే అటూ ఇటూ పోలికలు ఉంటాయి కదమ్మా."

"పోలికలైతే కొంచెం అటూ ఇటూ తేడా ఉండాలి కదండీ. ఇక్కడ చివరి అంకె దాకా తేడా లేదండీ." ఇంకా మెల్లగా అంది. "మా నాన్న దగ్గర డిజైన్ కాగితం మీద పావు భాగమే గీసి ఉంటుందండీ. మిగతాదంతా దాన్నే తిప్పి నేస్తారు. నాకు ఇది చూస్తే అలా అనిపించిందండీ. తప్పైతే చెప్పండి సార్."

అక్కడే, ఆ పటం ముందే, నేను చెప్పాల్సిన మాట 'చూద్దాం' అని. నేను అన్నది వేరు.

"అంటే నేను నేశాననా?" అన్నాను. గొంతు లేచింది. పక్క బల్ల దగ్గర కెమిస్ట్రీ ఆయన తల తిప్పాడు. "నువ్వు జాబితాలు కలిపేటప్పుడు ఎక్కడో రెండుసార్లు కలిపి ఉంటావు. వెళ్ళి మొదటినుంచి చెయ్యి."

"సరేనండీ" అని పటం చుట్టుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాలు అలా గడిచాయి. ఆ పిల్ల మొదటినుంచి రెండుసార్లు చేసింది. రెండుసార్లూ అదే వచ్చింది. రెండోసారి చూపించడానికి వస్తే, పరీక్షల పని ఉందని చెప్పి పంపేశాను. ఉంది, కాదనను. కానీ అంత లేదు. లోపల ఎక్కడో నాకు భయం పట్టుకుంది. ఆ భయాన్ని కోపం అనుకున్నాను. దయచేసి మీరు గైడ్లయినప్పుడు ఈ రెంటికీ తేడా తెలుసుకోండి.

నాలుగో వారం ఆదివారం పొద్దున, ఆమె చెప్పింది తప్పని నిరూపించడానికే పాత కంప్యూటరు తెరిచాను. వెతగ్గా వెతగ్గా ఆ గీతలు గీసే ప్రోగ్రాము దొరికింది. దాని చివర నేనే నాకోసం రాసుకున్న వాక్యం ఉంది: "ఎదుటి పావుతో నింపాను. తాత్కాలికం. బొమ్మ అవగానే తీసెయ్యాలి."

మా ఆవిడ కాఫీ తెచ్చి నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉందన్నాను. కాఫీ తాగి, నజీమాకు ఫోన్ చేసి, "ఆ పావు నేను నింపిందేనమ్మా. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. రేపు పెందలాడే వచ్చెయ్యి, కొత్తగా మొదలుపెడదాం" అన్నాను.

"మొదటి బండికి వచ్చేస్తానండీ" అంది.

నిజంగా ఎలా ఉందంటే

నా పేపరు వచ్చిన ఇన్నేళ్ళలో సాంకేతికత ముందుకు పోయింది. కొత్త కెమెరాతో తీసిన ఫోటోల్లో ఆ పెద్ద నక్షత్రం వెలుగు మునుపటంత పాకలేదు. ఆ పావు భాగంలో కూడా ముసలి నక్షత్రాలు దొరుకుతాయి. దొంగ నక్షత్రాలు నాటి, వెతికి, ఎన్ని దొరికాయో సరిచూసి, పాలపుంత నక్షత్రాలను, చుక్కల్లా కనపడే దూరపు గెలాక్సీలను ఏరిపారేశాం. తల ప్రాణం తోకకొచ్చింది. రెండు నెలలు నజీమా రోజూ ఏలూరునుంచి నాతోపాటే బండిలో వచ్చేది. ఒక్కో పావునూ నేను ఒకసారి, ఆమె ఒకసారి. ఒకరిది ఒకరికి చూపించకుండా చేసి, తర్వాత పోల్చుకునేవాళ్ళం.

చివరకు ముసలి నక్షత్రాల పటం వచ్చిన రోజు ఇద్దరం దాన్ని తలకిందులు చేసి కూడా చూశాం. ఎన్నో ఏళ్ళుగా నేను గుండ్రం అన్న గెలాక్సీ గుండ్రంగా లేనే లేదు. ఆ పావు వైపు ముసలి నక్షత్రాలు తొందరగా పలచబడిపోయాయి. దానికి ఎదుటి వైపు మాత్రం సాగి సాగి, మేము అనుకున్న అంచు దాటి చాలా దూరం వెళ్ళాయి. నడివయసువి కూడా కొంచెం అటే ఒరిగాయి.

కుర్రవి మాత్రమే వంకరగా ఉంటే అది వాయువు సంగతి, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఎప్పుడో సర్దుకుని ఉండాల్సిన ముసలివి కూడా ఒక వైపుకు సాగాయంటే, ఏదో పెద్ద గెలాక్సీ ఈమధ్యనే దీన్ని పట్టి లాగిందన్నమాట. ఈమధ్య అంటే ఆకాశం లెక్కలో. ప్రశాంతంగా బతుకుతోందని నేను రాసిన బుజ్జిది నిజానికి ఎవరి చేతిలోనో గుంజులాటలో ఉంది. నా పేపరు దాని కష్టాన్ని కప్పిపెట్టింది. నవ్వుకోండి గానీ, ఆ రోజు నాకు దాని మీద నిజంగా జాలేసింది.

నజీమా గ్రంథం గడువులోపలే రాసి, యూనివర్సిటీకి పంపేముందు చూడమని నాకు ఇచ్చింది. మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. పాత ఫోటోల పరిమితుల వల్ల అంతకుముందు కొలతల్లో కొంత తేడా వచ్చి ఉండవచ్చని. నా పేరు లేదు, తప్పు అనే మాట లేదు. నన్ను కాపాడటానికి రాసిన వాక్యం అది.

నాలుగు రోజులు ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను. మీ దగ్గర దాచడం ఎందుకు, ఉంచుదామనే అనుకున్నాను. వచ్చే నెలలో రిటైర్మెంటు సభ ఉంది. శాలువా కప్పి, బుజ్జిదాని పేపరు గురించి మాట్లాడతారు. ఆ సభ అయ్యేదాకా ఊరుకుంటే ఏం పోతుంది అనిపించింది. ఐదో రోజు క్లాసులో పిల్లలకు దొంగ నక్షత్రాల పద్ధతి చెప్తూ, "మనకు కనపడనిదాన్ని కూడా నిజాయితీగా లెక్కలో వెయ్యాలి" అన్నాను. అని, బోర్డు మీద తర్వాతి వాక్యం రాయలేకపోయాను.

ఆ సాయంత్రం నజీమాను పిలిచి ఆ వాక్యం కొట్టేశాను. నేను ఏ జాబితాతో కొలిచానో, ఏ పావు నింపానో, అందువల్ల ఏ నిర్ణయం తప్పైందో పేరుతో సహా రాయమన్నాను.

"నేను రాయలేనండీ సార్. మీ సభ ముందు పెట్టుకుని ఇదెందుకండీ ఇప్పుడు?" అంది, కళ్ళల్లో నీళ్ళతో.

"అయితే నేనే రాస్తాను, నువ్వు కలుపుకో" అన్నాను. రాసి ఇచ్చాను. పేపరు అచ్చువేసిన పత్రికకు కూడా సవరణ పంపాను. తప్పు కనిపెట్టింది ఫలానా నజీమా అని అందులో మొదటి వాక్యంలోనే పెట్టాను. రిటైర్మెంటు సభలో ఆ పేపరు గురించి మాట్లాడబోయిన ప్రిన్సిపాల్ గారిని ఆపి, సంగతి చెప్పి, శాలువా మాత్రం కప్పించుకున్నాను. శాలువా బాగుంది.

వైవా రోజు

నజీమా వైవాకు యూనివర్సిటీకి మస్తాన్ గారు కూడా వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పటం తెర మీదకు వచ్చినప్పుడల్లా ముందుకు వంగి చూశారు. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ గారు, "మీ గైడు కొలతనే అనుమానించాలని ఎలా అనిపించింది?" అని అడిగారు. నజీమా తడబడి నా వైపు చూసింది. నేను లేచి, ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పాలని అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. హాల్లో ఎవరూ నవ్వలేదు. డిగ్రీ ఇవ్వవచ్చని పది నిమిషాల్లో తేల్చేశారు.

బయట వరండాలో అందరికీ టీ ఇచ్చారు. మస్తాన్ గారు నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నారు.

"మా అమ్మాయి మీ తప్పు పట్టుకుందంట కదండీ. మీకు కోపం రాలేదాండీ?"

"వచ్చిందండీ. మూడు వారాలు ఉంది."

ఆయన తల ఊపారు. మాటలో నిష్ఠూరం ఏమీ లేదు, మామూలుగానే అన్నారు. "అదేనండీ, అనుకున్నాను. ఆ మూడు వారాలూ ఇంట్లో అన్నం సరిగా తినలేదండీ. ఏమైందమ్మా అంటే, సారు తప్పు చెయ్యరు నాన్నా, నాకే చేతకావడం లేదు, ఈ చదువు మానేసి నీతో పాటు మగ్గం మీద కూర్చుంటాను అనేదండీ."

టీ గ్లాసు వరండా గోడ మీద పెట్టేశాను. పత్రికకు సవరణ పంపాను. సభలో చెప్పాను. ఇందాక ప్రొఫెసర్ల ముందు నిలబడి చెప్పాను. చెప్పినందుకు నా మనసులో నేనే కొంచెం మెచ్చుకున్నాను కూడా. గూడెం బండిలో రెండు నెలలు ఎదురు సీట్లో కూర్చున్న ఆ పిల్లకు మాత్రం ఒక్కసారి కూడా తప్పైందని చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

నజీమా ఎవరితోనో మాట్లాడుతోంది. దగ్గరికి వెళ్ళి పిలిచాను.

"నజీమా, ఆ మూడు వారాలూ నిన్ను చాలా బాధపెట్టానమ్మా. నీ లెక్క మొదటి రోజునుంచే సరిగ్గా ఉంది. నాకు తెలుస్తూనే ఉంది కూడా. తప్పు చేశాను, క్షమించు."

ఆమె కంగారుపడి వాళ్ళ నాన్న వైపు చూసింది, ఆయనే నాకు చెప్పి ఉంటారని ఆమెకు అర్థమైంది. చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకోండి సార్. నాలుగో వారంలో మీరే ఫోన్ చేశారు కదండీ" అంది.

ఆ పిల్ల అలా అని నన్ను ఒడ్డున పడేసింది. ఆ మూడు వారాల్లో ఏ ఒక్కరోజు తను చదువు మానేసి ఉన్నా, బుజ్జిది ఇంకా గుండ్రంగానే ఉండేది, ఆ పిల్ల తనకు చేతకాదనే నమ్మి ఉండేది. గైడ్లు కాబోయే పిల్లలూ, మీ విద్యార్థి పటం చుట్ట పట్టుకుని మీ గుమ్మంలో నిలబడ్డప్పుడు నాలుగో వారం దాకా ఆగకండి. డబ్బా మూత పెట్టి, ఆ పిల్లను కూర్చోమని, ఆ మధ్యాహ్నమే చూడండి.